సభాకంపమునకు వ్యాకరణము మందా?

పిల్లవాఁడు నలుగురిలో నోరు మెదపఁడని విచారించు తల్లిదండ్రులకు మన పండితులును, ఆంగ్లవిద్యావంతులును ఒక్కటే యుపాయము చెప్పుచున్నారు: మఱియొక భాష నేర్పింపుఁడు, సభాకంపము దానంతటదియే వదలును. ఒకరు అమరకోశమును చేతికిత్తురు. వేఱొకరు ఇంగ్లీషు వ్యాకరణము నిత్తురు. ఇరువది యేండ్లుగా నీ రెండు భాషలను బోధించుచున్న నేను, ఈ మాట యథార్థము కాదని నిస్సంశయముగాఁ జెప్పఁగలను.

భాషాభ్యాసము పదముల నిచ్చును, ధైర్యము నీయదు. గాంధీమహాత్ముని స్వీయచరిత్రమే యిందులకు సాక్ష్యము. ఆయన లండనులో మెట్రిక్యులేషను పరీక్షకై లాటినును, ఫ్రెంచిని జదివెను. రోమను ధర్మశాస్త్రమును లాటినులోనే పఠించెను. అయినను శాకాహారుల సభలోఁ దాను వ్రాసికొనిపోయిన నాలుగు మాటలను జదువలేక, వేఱొకరిచేఁ జదివించెను. 1891లో స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట, బొంబాయి స్మాల్‌కాజు కోర్టులోఁ దొలి వ్యాజ్యమున సాక్షిని బ్రశ్నింప లేచి, తల తిరిగి, ఒక్క ప్రశ్నయుఁ దోఁపక కూర్చుండెను. ఇన్ని భాషలు చదివిన బారిష్టరునకు లోపించినది భాషయా?

1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల యెదుట, వ్యాపారమున సత్యమును గూర్చి మాటలాడినదే తన జీవితమున మొదటి బహిరంగోపన్యాసమని యాయనయే వ్రాసికొనెను. ఆనాఁడు క్రొత్తగా లభించినది భాష గాదు; చెప్పి తీరవలసిన విషయము, వినఁగోరు జనులు.

అట్లయిన భాషాధ్యయనము వ్యర్థమా? కాదు. వ్యర్థమైనది మన బోధనాపద్ధతి. బాలుఁడు వాక్యమును సగము పలుకకమునుపే విభక్తి తప్పెనని యుపాధ్యాయుఁడు గద్దించును. తరగతి పకపక నవ్వును. ఆ దినము మొదలుకొని యతఁడు తప్పులేని వాక్యము మనస్సులో సిద్ధమగువఱకు నోరు తెఱవఁడు. అది సిద్ధమగునప్పటికి గంట మ్రోగును. పుట్టుసిగ్గు గోరంత, బడి నేర్పిన సిగ్గు కొండంత. వాని నోటికిఁ దాళము వేసిన వ్యాకరణమునే తాళపుచెవి యని మరల వాని తల్లిదండ్రులకుఁ జూపుచున్నారు!

ఉపాధ్యాయులారా! బాలుఁడు ముగించువఱకు నోర్చి వినుఁడు; తప్పులను బిమ్మట, ఏకాంతమునఁ జెప్పుఁడు. ప్రతిదినము నైదు నిమిషములు తాను జూచినదానిని, తన యూరి సంగతిని, ముందుగాఁ దన యింటిభాషలోనే చెప్పనిండు. పిదప నదే విషయమును సంస్కృతమునఁ గాని, యింగ్లీషునఁ గాని చెప్ప నేర్పుఁడు. అప్పుడు భాష వానికి బలమగును. ఇందులకుఁ గావలసినది ధనము గాదు, క్రొత్త పుస్తకము గాదు, ఉపాధ్యాయుని యోరిమి. దాని నీయలేనివారు బిడ్డలు మాటలాడరని నిందించుట న్యాయము గాదు.