ఆ పెద్దావిడ అడిగితే సొరబుర్ర మాట ఎందుకు చెప్పలేకపోయాను?



నేను ఏజెన్సీ నుంచి వచ్చి క్యోటోలో చదువుకుంటున్న కోయ పిల్లోడిని. పోయిన నెల విదేశీ విద్యార్థులందరినీ చానోయుకు, అంటే జపాన్ టీ వేడుకకు తీసుకెళ్లారు. ఆ గది తలుపు రెండడుగుల పైచిలుకు ఎత్తే. ఎంతటివాడైనా వంగి, మోకాళ్ల మీద లోపలికి రావాల్సిందే. ఒకప్పుడు సమురాయ్‌లు కూడా కత్తి బయటపెట్టి ఇలాగే వచ్చేవాళ్లట.

ముందు తీపి పెట్టారు. తర్వాత ఒక పెద్దావిడ పచ్చటి టీ పొడిలో వేడినీళ్లు పోసి, వెదురు కుంచెతో గిలకొట్టి, గిన్నె నా ముందు పెట్టింది. గిన్నె ముందువైపు పెదవి ఆనించకూడదు, కొంచెం తిప్పి తాగాలి. చేదుగా ఉంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. కానీ అక్కడ ఎవరూ తొందరపడలేదు.

చివర్లో ఆవిడ అడిగింది, "మీ ఊళ్లో ఇంటికొచ్చినవాళ్లకు ఏమిస్తారు?" అని. "టీయే ఇస్తామండి" అన్నాను. మా తాత సొరబుర్రలోంచి అంబలి పోసిచ్చేవాడు. కొత్తల పండుగ చేయందే కొత్త పంట నోట పెట్టనిచ్చేవాడు కాదు. అదంతా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. హాస్టల్లో అంబలి అంటే నవ్వినోళ్లు గుర్తొచ్చారు.

రూముకొచ్చాక ఈ వేడుక చరిత్ర చదివాను. దీనికి ఇప్పటి రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు 16వ శతాబ్దపు సెన్ నో రిక్యూ. 1868లో మెయిజీ పాలన వచ్చాక ప్రభువుల అండ పోయింది. టీ గురువులను కూడా వినోదం చేసి బతికేవాళ్ల లెక్కలో కట్టారు. 1872లో ఉరాసెంకే శాఖ పెద్ద గెంగెన్‌సాయ్ ఇది వినోదం కాదంటూ ప్రభుత్వానికి విన్నపం పెట్టాడు. అదే ఏడాది క్యోటో ఎగ్జిబిషన్‌కు వచ్చే విదేశీయుల కోసం బల్ల, కుర్చీల పద్ధతి తెచ్చాడు. ఆ తర్వాత ఆడపిల్లల బడుల్లో టీ ఒక పాఠమైంది. అంటే ఈ గౌరవం పాతదైనందుకే వచ్చింది కాదు. అడిగి, నేర్పి, నిలబెట్టుకున్నారు.

వాళ్లకు డబ్బు, పలుకుబడి ఉన్నాయి కదా అంటారు. నిజమే. మనకింకా భూమి పట్టాల కోసమే తిరగడం సరిపోతోంది. వాళ్లలాగా ఫీజులు, సర్టిఫికెట్లు మనకు అక్కర్లేదు కూడా. కానీ ఒకటి ఆలోచించండి. మన కొమ్ము నృత్యం మంత్రిగారి స్వాగతానికి పది నిమిషాల వినోదమైపోయింది. ఎందుకు ఆడతామో వాళ్లు అడగరు, అడిగితే చెప్పగలిగేవాళ్లు మనలో ఎంతమంది?

అందుకే నా మాట ఇది. ఈ సెలవుల్లో ప్రతి ఒక్కరం ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుందాం. వీడియో తీసి వదిలేయడం కాదు, ఒక్క పనైనా చేతితో చేయడం, అదెందుకో చెప్పడం నేర్చుకుందాం. మా తాత లేడు, నేను ఆలస్యం చేశాను. మీ ఇంట్లో ఇంకా ఉంటే ఆలస్యం చేయకండి.

జై ఆదివాసీ.