చీపురు పట్టకండి, ముందు తలుపులు తీయండి

ఈ వేసవిలో అమెరికాలో పాత దుంగల ఇళ్ల మరమ్మతుకు స్వచ్ఛందంగా వెళ్లదలచిన తెలుగువారు ఒక ప్రమాదం గురించి ముందే తెలుసుకోవాలి. చలికాలమంతా మూతపడి ఉన్న ఇంట్లో అడుగుపెట్టగానే ఊడవడం మొదలుపెట్టకండి. ఆ దుమ్ములో హంటావైరస్ ఉండవచ్చు.

డీర్ మౌస్ అనే చిన్న ఎలుక ఇలాంటి ఇళ్లలో గూడు కడుతుంది. దాని పెంటికలు, మూత్రం ఎండిపోయి, ఊడ్చినప్పుడు గాలిలోకి లేస్తాయి. ఆ గాలి పీలిస్తే చాలు, జబ్బు సోకవచ్చు. 1993లో న్యూమెక్సికో, ఆరిజోనా, కొలరాడో, యూటా రాష్ట్రాలు కలిసే ప్రాంతంలో ఊపిరితిత్తులకు వచ్చే ఈ జబ్బును మొదట గుర్తించారు. దీనికి అమెరికాలో టీకా లేదు. ఊపిరితిత్తుల దాకా వచ్చినవారిలో 100 మందికి దాదాపు 38 మంది చనిపోతున్నారు. 2012లో యోసెమిటీ పార్కులో 10 మందికి సోకి ముగ్గురు పోయారు. ఆ పదిమందిలో ఎక్కువమంది దిగినవి దుంగల ఇళ్లు కావు, రెండు పొరల గోడలున్న గుడారాలు. ఎలుకలు ఆ పొరల మధ్యే గూళ్లు పెట్టాయి.

అందుకే తలుపులు, కిటికీలు తెరిచి కనీసం అరగంట బయట నిలబడండి. చేతి తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికలను బాగా తడపండి. ఐదు నిమిషాలు ఆగి కాగితంతో తుడిచేయండి. వాక్యూమ్ క్లీనర్ అసలు వద్దు. తిరిగొచ్చాక ఎనిమిది వారాల్లోపు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే, ఎక్కడ పనిచేశారో డాక్టరుకు చెప్పండి. ఎలుకల మాట మీరు చెప్పకపోతే ఆయన ఫ్లూ అనుకునే అవకాశం ఎక్కువ.

ఇంటికీ మనవల్ల ముప్పుంది. దుంగల మధ్య సందులను పాతవాళ్లు రాతిముక్కలు, చెక్కపేళ్లు పెట్టి, పైన మట్టి, సున్నం మెత్తి మూసేవారు. ఉత్సాహవంతులు అక్కడ సిమెంటు కూరుతున్నారు. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, సిమెంటు కదలదు. మధ్యలో చీలిక పడి నీళ్లు దిగితే, ఇక బయటికి రావు. దుంగ లోపల్లోపలే పుచ్చిపోతుంది. మన ఊళ్లలో సున్నపు గోడల మీద సిమెంటు పూసి చెమ్మ తెచ్చుకున్నవారికి ఈ కథ తెలిసిందే. ప్రెజర్ వాషర్‌తో కడగడమూ అంతే: పైపొర లేచిపోతుంది, నీరు లోపలికి ఎక్కుతుంది. పుచ్చిన భాగం మాత్రమే కోసి అదే జాతి కర్రతో అతుకు వేయాల్సిన చోట, మొత్తం దుంగనే పీకేయడం మరీ అన్యాయం.

అలాగని మానుకోమనడం లేదు. 2009లో కొలరాడోలో మొదలైన హిస్టోరికోర్ లాంటి సంస్థలు అనుభవం లేనివారినీ తీసుకుని, తెలిసినవారి పక్కన నిలబెట్టి పని నేర్పుతాయి. చేతులు చాలకే ఎన్నో ఇళ్లు కూలుతున్నాయి. కానీ బయలుదేరేముందు నిర్వాహకులను మూడు ప్రశ్నలు అడగండి: ఎలుకల సంగతి ఏం చేశారు? పాత రంగులో సీసం ఉందేమో చూశారా? అడుగు దుంగ మార్చడానికి ఇంటిని జాకీల మీద ఎత్తేది ఎవరు? సరైన జవాబు రాకపోతే పిల్లల్ని తీసుకెళ్లకండి, మీరూ వెళ్లకండి.