ఆ కిటికీ ఎటు తెరుచుకుంటుంది?

కొత్త ఇల్లు కట్టుకోవడమంటే ఎవరికి సరదా ఉండదు చెప్పండి? అమలాపురంలో మా నాన్నగారి పెంకుటిల్లు తీసేసి మేడ కడతానని మా తమ్ముడు అన్నప్పుడు అందరికన్నా ముందు సంబరపడింది నేనే. ఇంజనీరు గీసిచ్చిన ప్లానూ ముచ్చటగానే ఉంది. మేడమీద మూడు గదులు, నాలుగు వైపులా కిటికీలు. గాలికీ వెలుతురుకీ లోటన్నది లేదు.

ప్లాను చూడ్డానికి పక్కింటి అత్తయ్యగారు వచ్చారు. మా మరదలు ఒక్కొక్క గదే చూపించింది. అంతా విని ఆవిడ ఒక్క మాట అడిగారు.

"అమ్మాయీ, ఈ పడమటి కిటికీ ఎటు తెరుచుకుంటుందే?"

నా గుండె గతుక్కుమంది. అది తెరుచుకునేది వాళ్ళ మండువాలోకి!

మండువా లోగిలి ఎరగనివారి కోసం చెబుతున్నాను. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, నడుమ ఆకాశం కనబడే చోటు మండువా. వాననీళ్ళు అందులో పడి తూముగుండా బయటికి పోతాయి. తల ఆరబెట్టుకోవడం, వడియాలు పెట్టుకోవడం, పసివాళ్ళకి నీళ్ళు పోయడం అన్నీ అక్కడే. పైకప్పు లేని ఆ చోటుకి మరుగు ఎక్కడిది? చుట్టుపక్కల మేడ లేదు గనుక! అంటే ఇన్నేళ్ళూ ఆవిడ మరుగు మా ఇంటి చూరు ఎత్తులో ఉందన్నమాట.

"ఎవరి స్థలం వాళ్ళదండీ" అన్నాడు ఇంజనీరు. నిజమే. అయినా ప్లాను మార్పించాం. మేడ గదులు వెనక్కి జరిగాయి. పడమటి గోడకి తలకన్నా ఎత్తున వెంటిలేటర్లే; సాయంత్రపు ఎండ బాధా తప్పింది. గాలి కోసం మా ఇంటి నడుమ చిన్న మండువా పెట్టి, కిటికీలన్నీ అటు తిప్పాం. వీధి అరుగు పక్క అరుగుల వరసలోనే ఉంచాం.

పాత బెంగుళూరు పెంకులు పారబోయనివ్వలేదు. 1945లో ఇంగ్లండు నుంచి వచ్చి, తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో అక్కడే కన్నుమూసిన లారీ బేకర్ ఇలాంటి పెంకుల్ని స్లాబులోనే పెట్టించేవాడు. స్లాబు అడుగున లాగుడు బలం మోసేవి ఇనుప చువ్వలు. వాటి మధ్యనున్న కాంక్రీటు చాలావరకు దండగ బరువే. ఆ గళ్ళలో పెంకులు పరిస్తే సిమెంటూ, బరువూ తగ్గుతాయి. (లెక్క కట్టించకుండా మేస్త్రీ చేత ఊరికే చేయించేరు సుమా!)

ఇంతా చేసి ఒక గది పోయింది. పిల్లవాడి చదువు గది. మా మరదలు నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ఆవిడ తప్పని నేననను.

గృహప్రవేశం మర్నాడు పొద్దున్న గోడ అవతలినుంచి కేక వినిపించింది. అత్తయ్యగారు మండువాలో తల ఆరబెట్టుకుంటున్నారు.

"అమ్మాయీ, నిన్న పరమాన్నంలో బెల్లం తగ్గిందే!"