ఎముక అరిగిందట... ఎంత?

"పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అని మన సామెత. సరిగా కొలవని ఎక్స్‌రే కూడా అలాంటి రాయే అని నా అభిప్రాయం.

మన మీర్‌పేట్‌లో పన్ను ఊగితే ముందు లవంగనూనె రాస్తారు. తగ్గకపోతే దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్.బి. నగర్‌లోనో ఏదో ఒక క్లినిక్కు మెట్లెక్కుతారు. "ఎముక అరిగిపోయిందండీ" అన్న మాట వినగానే, "అయితే పీకెయ్యండి డాక్టరుగారూ" అనేస్తారు. ఎంత అరిగింది అని అడిగేవారు తక్కువ.

పంటిపైన పింగాణీపొర ముగిసే గీతకు, దాన్ని పట్టి ఉంచే ఎముక అంచుకు మధ్య ఆరోగ్యవంతుల్లో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. ఎడం పెరిగిందంటే ఎముక తరిగిందన్నమాట. 1959లోనే నార్వే పరిశోధకులు షై మొదలైనవారు ఈ నష్టాన్ని వేరు పొడవులో శాతంగా లెక్కగట్టారు. 2017లో కుదిరిన అంతర్జాతీయ వర్గీకరణ ఆ శాతాన్ని వయసుతో భాగించమంటుంది. ముప్ఫై శాతం ఎముక పోయిందనుకోండి. అరవై ఏళ్ల తాతగారికి అది 0.5, అంటే మధ్యరకం వేగం. పాతికేళ్ల కుర్రాడికి 1.2. ఒకటి దాటితే జబ్బు పరుగెడుతున్నట్లే! మాట ఒక్కటే అయినా మనుషులు వేరు, వైద్యమూ వేరు.

అయితే ఇక్కడో చిక్కుంది. ఎక్స్‌రే గొట్టం కాస్త వంగితే చాలు, ఎముక అంచు పైకో కిందికో జరిగినట్లు కనిపిస్తుంది. బుగ్గవైపు, నాలుకవైపు ఎముక ఒకదానిమీదొకటి పడి, లోపలి గుంటలు దాగిపోతాయి. పైగా ఒకే ఫిల్మును ఇద్దరు చూస్తే రెండు అంకెలు! ఆ తేడా ఒక మిల్లీమీటరు ఉన్నచోట, "ఆరునెలల్లో అర మిల్లీమీటరు తగ్గింది" అన్న మాటకు విలువేముంది? అది జబ్బో, కొలిచినవారి చేతివాటమో ఎవరు తేల్చాలి?

ఫిజిక్సు ల్యాబులో తీగ మందం ఒక్కసారే కొలిచి రాస్తే మన లెక్చరర్‌గారు రికార్డుమీద సంతకం పెడతారా? ఇనపతీగకున్న మర్యాద మనిషి పంటికి లేకపోవడం అన్యాయం కాదూ?

కాబట్టి దంతవైద్యం చదివే మిత్రులకు, ప్రాక్టీసులో ఉన్న పూర్వ విద్యార్థులకు నా మనవి ఇది. ఫిల్మును హోల్డరుతో, ఒకే కోణంలో తీయండి. అంకె రాయండి. కొన్నాళ్లాగి, పాత అంకె చూడకుండా మళ్లీ కొలవండి. మరొకరిచేత కూడా కొలిపించండి. తేడాను దాచకుండా పక్కనే రాయండి. చిగుళ్లను పరికరంతో పరీక్షించిన తర్వాతే తీర్పు చెప్పండి. ఎక్స్‌రే కాపీ రోగి చేతికివ్వండి. రేపు పోల్చి చూడటానికి అదే ఆధారం.

ఇందుకు కోట్లు అక్కర్లేదు. కాస్త ఓపిక చాలు. ఊడిన పన్ను మళ్లీ మొలవదు కదా!