ప్రమాణం లేని సంఖ్య

సంఖ్య తనంతట తాను ఏమీ చెప్పజాలదు. ‘బలం 50’ అని వ్రాసిన సమాధానంలో ఆ యాభై న్యూటన్లో, డైన్లో, కిలోగ్రామ్-భారాలో తెలియనప్పుడు దాని వెనుక ఎంత గణితం ఉన్నా నిష్ప్రయోజనమే. అయినను విద్యార్థులలో పలువురు ప్రమాణాన్ని సమాధానం చివర తగిలించే తోకగానే ఎంచుతున్నారు. ఈ భావన తొలగవలెనని మా అభిప్రాయం.

ప్రమాణాల మార్పిడి కంఠస్థం చేయవలసిన విషయం కాదు. ఒక కిలోగ్రామ్ ద్రవ్యరాశిలో సెకనుకు సెకనుకు ఒక మీటరు త్వరణాన్ని కలిగించే బలమే న్యూటన్. కిలోగ్రామ్‌ను 1,000 గ్రాములుగా, మీటరును 100 సెంటీమీటర్లుగా వ్రాసి గుణిస్తే 1,00,000 డైన్లు వాటంతట అవే వస్తాయి. కిలోగ్రామ్-భారమన్నది భూమి ఒక కిలోగ్రామ్‌ను ఆకర్షించే బలం. 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ నిర్ణయించిన గురుత్వ త్వరణం ప్రకారం అది 9.80665 న్యూటన్లు.

బజారులో 50 కిలోల బియ్యపు బస్తాను తూచి, అదే దాని బరువంటాము, వజన్ అంటాము. వ్యవహారంలో దోషం లేదు. శాస్త్రంలో మాత్రం 50 కిలోలన్నది ద్రవ్యరాశి, ఉర్దూలో కమియత్. దాని భారం సుమారు 490 న్యూటన్లు. చంద్రునిపై ఆ భారం సుమారు 81 న్యూటన్లకు తగ్గుతుంది. బియ్యం ఒక్క గింజైనా తగ్గదు. సూత్రంలో బలం ఉండవలసిన చోట 50 వేసిన విద్యార్థి లెక్క దాదాపు పది రెట్లు తప్పుతుంది.

చేతిలో యంత్రం ఉండగా ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చు. 1998లో అమెరికా అంగారకునిపైకి పంపిన ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ నౌక 1999 సెప్టెంబరులో నశించినది. భూమిపై ఒక కంప్యూటరు కార్యక్రమం ప్రచోదనాన్ని పౌండు-బలం సెకన్లలో ఇవ్వగా, దానిని న్యూటన్ సెకన్లుగా స్వీకరించారు. ఒక పౌండు-బలం సుమారు 4.45 న్యూటన్లు. ఆ తేడా వలన నౌక అనుకున్న ఎత్తుకంటే ఎంతో దిగువకు పోయినది. యంత్రం గుణకారంలో తప్పలేదు. ప్రమాణమేమని అడుగవలసిన మనిషి అడుగలేదు.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపం: ప్రయోగశాల గోడపై ఉభయ భాషలలో ప్రమాణాల పట్టిక వ్రేలాడదీయించండి, ప్రయోగ పుస్తకాలలో ప్రమాణానికి ప్రత్యేకంగా మార్కు కేటాయింపజేయండి. విద్యార్థి మిత్రులు ప్రతి మెట్టులోను సంఖ్య ప్రక్కన ప్రమాణం వ్రాయుట అలవరచుకొనవలెను. బలమన్నా, ఖువ్వత్ అన్నా న్యూటన్ ఒక్కటే. దానిని విడిచిపెట్టే హక్కు ఏ మాధ్యమం వారికీ లేదు.