టేకు అల్మరా, బొల్లారం ఫౌజు

మొన్నామధ్య సికింద్రాబాదులోని ఒక దుకాణంలో పుస్తకాల అల్మరాకు ఆర్డరిచ్చాను. అడ్వాన్సు రసీదు మీద దుకాణదారు రాసినది ఇంతే: "టేకు అల్మరా, 6 అడుగులు." ఇంటికి వచ్చినదానిలో చట్రం టేకే. అరలూ వెనుక పలకా మాత్రం ప్లైవుడ్డు, దానిపై పలుచని టేకు పొర. ఫోను చేస్తే ఆయన తడబడలేదు. "టేకే కదండీ ఇచ్చాం! అంతా టేకుచెక్కే కావాలంటే అలా రాయించుకోవలసింది" అన్నాడు. ఆయన మోసగాడని నేననుకోను. ఆయన నోట ఆ మాటకున్న అర్థం ఒకటి, నా చెవికి తోచినది మరొకటి.

పొరుగింటి పెద్దాయన, రైల్వే అకౌంట్సులో పనిచేసి రిటైరైనవారు, "గొడవెందుకు, ముందు పుస్తకాలు సర్దుకోండి. తీరిగ్గా అడుగుదురుగాని" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు గానీ, ఇటువంటి తగాదాల్లో అంతకంటే చెడ్డ సలహా లేదని నా అభిప్రాయం.

మాట అస్పష్టంగా ఉండటం అంత ప్రమాదం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షను కింద ఒక చక్కని ఉదాహరణ ఉంది. ఏ నూనో తెలిపే ఆధారమేదీ లేకుండా "నూరు టన్నుల నూనె" అమ్ముతానంటే ఆ ఒప్పందం చెల్లదు. అమ్మేవాడు కొబ్బరినూనె ఒక్కటే అమ్మే వర్తకుడైతే చెల్లుతుంది. అంటే మాటకు అర్థం చుట్టుపక్కల పరిస్థితులనుంచి కూడా దొరుకుతుంది. అసలు ప్రమాదం సరుకు వచ్చాక ఊరుకోవడంలో ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, వచ్చిన సరుకును పరీక్షించుకునే అవకాశం కొన్నవాడికి ఉండాలి. కానీ వద్దన్న మాట చెప్పకుండా తగినంత కాలం దాటి తన దగ్గరే ఉంచుకున్నాడా, ఒప్పుకున్నట్టే లెక్క. అప్పుడిక నష్టపరిహారం అడగవచ్చునేమో గానీ, సరుకును తిప్పికొట్టే హక్కు పోతుంది. వద్దని తెలియజేస్తే చాలు, దానిని మోసుకెళ్ళి అప్పగించే బాధ్యత కూడా మామూలుగా కొన్నవాడిది కాదు.

ఊరుకున్నందుకు చెల్లించిన మూల్యానికి మన ఊరి శివారులోనే పెద్ద సాక్ష్యముంది. 1800లో నిజాముకూ కంపెనీకీ కుదిరిన సంధిలో 12వ అధికరణం ప్రకారం, యుద్ధం వస్తే నిజాము తన సేనలోనుంచి 6,000 కాల్బలాన్నీ 9,000 అశ్వబలాన్నీ కంపెనీ సేనతో కలిపి పంపాలి. చివరికి ఆయన ఖర్చు మీద తయారైనదేమిటి? బొల్లారం కేంద్రంగా, ఇంగ్లీషు అధికారుల చేతికింద, శాంతికాలంలోనూ జీతాలు తీసుకునే కాంటింజెంటు. హెన్రీ రస్సెల్ రెసిడెంటుగా ఉండగా అది పెరిగింది, చందూలాల్ పెత్తనంలో జీతాలు చెల్లిపోయాయి, ఖజానా అప్పుల పాలయింది. యుద్ధం ముగిశాక కూడా ఆ సేనను పోషించాలని ఆ అధికరణం నిజామును నిర్బంధించలేదని గవర్నర్ జనరల్ డల్హౌసీయే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, బాకీ మాత్రం వదలలేదు! ఇన్నేళ్ళుగా ఉంచుకుంటూ వచ్చారు కదా అన్నదే వాదం. 1853 మే 21 నాటి సంధితో బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ ప్రాంతాలు కంపెనీ అజమాయిషీలోకి పోయాయి. చివరి రెండూ 1860లో తిరిగివచ్చాయి. బేరారు 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయల శాశ్వత కౌలుగా మారింది.

మొదట్లోనే గట్టిగా అడిగితే కంపెనీ వినేదా? అనుమానమే. ఫిరంగులున్నవాడు చెప్పిందే అర్థమయ్యే రోజులవి. దుకాణదారుకూ నాకూ మధ్య ఫిరంగులు లేవు కనుక నేను ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. పుస్తకాలు నేల మీదే ఉంచాను. నిందలేమీ వేయలేదు, నేనేమనుకున్నానో, ఎంత ఇచ్చానో రాసి, ఆ ధరకు రాణీగంజ్‌లో ఏది వస్తుందో ఇద్దరం కలిసి విచారిద్దామన్నాను. విచారిస్తే తేలిందేమంటే, నేనిచ్చినది ప్లైవుడ్డుకు ఎక్కువ, పూర్తి టేకుకు తక్కువ. ఆ లెక్క నాకూ కొంచెం సిగ్గు కలిగించింది.

అరలు మార్చి ఇచ్చాడు, నేను కొంత పైకం కలిపాను. వెనుక పలక ఇప్పటికీ ప్లైవుడ్డే. కొత్త రసీదులో మాత్రం అరల చెక్క పేరూ, మందమూ, వెనుక పలక సంగతీ విడివిడిగా ఉన్నాయి. రాసింది ఆయనే, నేను అడగకముందే.