కనబడని కాసుకి కాపలా ఎవరు?

క్రిప్టో కరెన్సీని ప్రభుత్వాలు అదుపు చెయ్యగలవా లేదా అని చదువుకున్నవాళ్ళు ఇంగ్లీషు పేపర్లలో వాదించుకుంటున్నారు. అది వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకునే రోజులు పోయాయి. సెల్‌ఫోన్ ఉన్న ప్రతి పేటకీ ఇది వచ్చేసింది. పదింతలు చేసిస్తానని చెప్పేవాడు ఇవాళ చిట్టీ పుస్తకం పట్టుకుని రావడం లేదు, వాట్సాప్‌లో లింకు పంపిస్తున్నాడు. అందుకే ఈ పక్షం మేం దీని మీద రాస్తున్నాం.

ముందు వస్తువేమిటో తెలుసుకుందాం. 2009లో మొదలైన బిట్‌కాయిన్‌ని ఏ రిజర్వు బ్యాంకూ అచ్చెయ్యలేదు. వేలాది కంప్యూటర్లు కలిసి ఒకే పద్దు పుస్తకం రాసుకుంటాయి. ఆ పుస్తకం ఎవరైనా చూడొచ్చు. పేర్లుండవు, అంకెల చిరునామాలుంటాయి. ఆ చిరునామా ఫలానావాడిదని ఒకసారి తెలిసిందా, వాడి లెక్కంతా బయటపడుతుంది. 2014లో వచ్చిన మొనెరో అలా కాదు. పంపినవాడిని మరికొందరిలో కలిపేస్తుంది, అందుకునేవాడికి ప్రతిసారీ కొత్త చిరునామా పుట్టిస్తుంది, ఎంత పంపారన్నది కూడా కప్పేస్తుంది. బిట్‌కాయిన్ రచ్చబండ మీద చదివే పద్దయితే, మొనెరో గాదెలో కలిపేసిన వడ్లు. ఏ గింజ ఎవడి చేలోదో చెప్పలేం.

మరి మన ప్రభుత్వం చేసిందేమిటి? 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారం జోలికి పోవద్దని బ్యాంకులకి ఉత్తర్వులిచ్చింది. దాని వల్ల మీ బ్యాంకులకి జరిగిన నష్టమేమిటో చూపించలేదు కదా అని సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టేసింది. 2021 శీతాకాల సమావేశాల జాబితాలో ఒక బిల్లు పెట్టారు, అది సభ ముందుకే రాలేదు. 2022లో మాత్రం పన్నేశారు. లాభం మీద నూటికి ముప్ఫై, అమ్మిన ప్రతిసారీ నూటికి ఒకటి. ఒకదాంట్లో వచ్చిన నష్టం ఇంకోదాని లాభంలో తీసెయ్యడానికి లేదు. పండితే దొరకి వాటా, ఎండితే కౌలుదారు ఖర్మ అన్న పాత లెక్కే ఇది. వాటా తీసుకున్న దొర కనీసం గట్టు తగాదా అయినా తీర్చేవాడు. ఇక్కడ అదీ లేదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్చేంజీ నుంచి దొంగలు సుమారు రెండు వేల కోట్ల రూపాయల విలువైన కాయిన్లు పట్టుకుపోయారు. పన్ను కట్టింది ఢిల్లీకి, న్యాయం కోసం చూడాల్సి వచ్చింది సింగపూర్ కోర్టు వైపు.

అయితే ప్రభుత్వాల చేత ఏమీ కాదనేవాళ్ళ మాట కూడా మేం ఒప్పుకోం. 2023 మార్చిలో ఈ వ్యాపారాన్ని మనీ లాండరింగ్ చట్టం కిందికి తెచ్చారు. ఆ డిసెంబరులో తొమ్మిది విదేశీ ఎక్స్చేంజీలకి నోటీసులిచ్చి, 2024 జనవరిలో వాటి సైట్లు ఇక్కడ కనబడకుండా ఆపేశారు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన బైనాన్స్ ఏం చేసింది? నమోదు చేసుకుంది. జూన్‌లో 18 కోట్ల 82 లక్షల జరిమానా పడింది. అంటే గట్టిగా తలుపు మూస్తే ఎంత పెద్దవాడైనా గుమ్మం దగ్గర ఆగాల్సిందే. రూపాయి కాయినయ్యే చోట, కాయిన్ మళ్ళీ రూపాయయ్యే చోట ఒక బ్యాంకుంటుంది, ఒక కంపెనీ ఉంటుంది, ఒక మనిషుంటాడు. అక్కడ పట్టుకోవచ్చు.

మొనెరో విషయంలో దేశదేశాలు చేసిందీ ఇదే. దాని లెక్కని ఛేదించలేక దుకాణాల మీద పడ్డాయి. జపాన్‌లో 2018లో, దక్షిణ కొరియాలో 2021లో ఎక్స్చేంజీలు ఇలాంటి కాయిన్లని తీసేశాయి. దుబాయ్ 2023లో నిషేధించింది. 2027 జులై నుంచి తమ ఎక్స్చేంజీల్లో ఇవి ఉండకూడదని యూరప్ దేశాలు చట్టం చేసుకున్నాయి. దాంతో మొనెరో చచ్చిపోయిందా? లేదు, చేతులు మారుతూనే ఉంది. చైనా అంతటి సర్కారు 2021లో మొత్తం క్రిప్టోనే నిషేధిస్తే, 2022 మొదటికల్లా ప్రపంచ బిట్‌కాయిన్ తవ్వకంలో అయిదో వంతు మళ్ళీ అక్కడే జరుగుతోందని కేంబ్రిడ్జి వాళ్ళు లెక్క తేల్చారు. సారా నిషేధం చూసిన మన ఊళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

దాచుకోవడమే నేరమన్నట్టు మాట్లాడే మంత్రుల్ని మేం ఒకటడుగుతాం. 2018 నుంచి 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా నడిచిన ఎన్నికల బాండ్లేమిటి? ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకి తెలియకుండా స్టేటు బ్యాంకు కౌంటర్లోనే అమ్మారు. పార్టీలకి సర్కారు కొట్టించిన మొనెరో కాదా అది? 2016లో నల్లడబ్బు పేరు చెప్పి నోట్లు రద్దు చేసి మనల్ని క్యూల్లో నిలబెట్టారు. నూటికి 99 పైగా నోట్లు తిరిగి బ్యాంకుకే వచ్చాయని తర్వాత రిజర్వు బ్యాంకే చెప్పింది. పింఛనుకి, రేషనుకి వేలిముద్ర వేసి మన బతుకంతా వాళ్ళ పద్దులో ఉంచాం. పేదవాడి గుట్టు మీద చూపించే శ్రద్ధ పెద్దవాడి గుట్టు మీద ఏది?

క్రిప్టోవాళ్ళు ఈ మధ్య బాబాసాహెబ్‌ని కూడా లాగుతున్నారు. 1923లో 'రూపాయి సమస్య' రాసిన అంబేద్కర్, కరెన్సీని సర్కారు అధికారుల ఇష్టానికి వదలొద్దన్నమాట నిజం. రూపాయల ముద్రణకి ఒక హద్దు కావాలన్నాడు. ఎందుకు? ధరలు పెరిగితే కూలివాడి కూలి కరిగిపోతుందని, రూపాయి కొనే శక్తి నిలకడగా ఉండాలని. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా ఎక్కి, ఏడాది తిరిగేసరికి నాలుగో వంతుకి పడిపోయిన బిట్‌కాయిన్ ఆ నిలకడకి ఏమవుతుంది? ఇరవై ఒక్క మిలియన్ల హద్దు ఒక్కటి చూపించి ఆయన పేరు వాడుకోవడం దబాయింపు.

ఇప్పుడు అసలు సంగతి. చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన ఏమవుతుందో మనకి అగ్రిగోల్డ్ చూపించింది. డిపాజిటుదారుల రక్షణకి 1999లోనే ఆంధ్రప్రదేశ్‌లో చట్టముంది. అయినా సుమారు 32 లక్షల మంది దగ్గర ఆరు వేల కోట్లకి పైగా వసూలయ్యాకే సర్కారుకి మెలకువొచ్చింది. 2019లో కేంద్రం అనుమతి లేని డిపాజిట్ల నిషేధ చట్టం చేసింది. అందులో డిపాజిట్ అంటే 'డబ్బు' అని ఉంది. నెలకి నూటికి పది చొప్పున పద్ధెనిమిది నెలలిస్తామని గెయిన్ బిట్‌కాయిన్ వాళ్ళు తీసుకున్నది బిట్‌కాయిన్లు. అది డబ్బా కాదా అని కోర్టుల్లో లాగడానికి వకీళ్ళకి అంత సందు చాలు. కాయిన్లు కూడా డిపాజిట్టే అని ఆ చట్టాన్ని సవరించాలి. జనం కాయిన్లని ఎక్స్చేంజీ సొంత సొత్తుతో కలపకూడదని, పోతే యజమాని ఆస్తి జప్తు చెయ్యాలని రాయాలి. పన్ను వెయ్యడానికి ఒక్క బడ్జెట్ సరిపోయినప్పుడు దీనికి ఇన్నేళ్ళెందుకు?

ఇంకో ప్రమాదముంది, సంఘాల్లో పనిచేసేవాళ్ళు ఇది ఊరూరా చెప్పాలి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టింది గుర్తుందిగా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన పిల్లల్ని కంబోడియా పంపి సైబర్ మోసాలు చేయించారు. అలాంటి మోసాల సొమ్ము ముందు ఎవరో పేదవాడి బ్యాంకు ఖాతాలో పడుతుంది, అక్కణ్ణించి కాయిన్‌గా మారి దేశం దాటుతుంది. కాయిన్ జాడ పోలీసులకి దొరక్కపోవచ్చు, ఖాతా పుస్తకం మీద పేరు మాత్రం దొరుకుతుంది. నాలుగు వేలిస్తామంటే ఏటీఎం కార్డూ, సిమ్మూ ఇచ్చిన కుర్రాడు జైలుకి పోతాడు. కాయిన్ అందుకున్నవాడి పేరు కూడా ఎవరికీ తెలియదు.

ఖాతాలు అద్దెకివ్వొద్దు. ఎవరైనా అడిగితే ఆ నంబరు, ఆ మెసేజీ దాచండి, చెరిపెయ్యకండి. డబ్బు పోయిందని తెలిసిన గంటలోనే 1930కి ఫోను చెయ్యండి, కాయినయ్యేలోపు ఆపగలిగితే అక్కడే ఆపాలి. ఖాతా ఇచ్చి కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు మీ మండలంలో ఉంటే ఎఫ్ఐఆర్ నకలుతో మాకు రాయండి.